రొమ్ము గడ్డలు

రొమ్ము గడ్డ అనగా స్తనంలో చుట్టూ ఉన్న మెత్తని భాగానికి భిన్నంగా, చేతికి విడిగా తగిలే ఉబ్బు లేదా గట్టిదనం. వాడుకలో దీనిని గడ్డ, కంతి, కణితి అని పిలుస్తారు. బాలింతలలో వచ్చే వాటిని పాలగడ్డలు అంటారు. స్త్రీలలో కనిపించే రొమ్ము గడ్డలలో అధికభాగం నిరపాయమైనవి, అంటే ప్రాణానికి హాని చేయనివి. కొన్ని మాత్రం రొమ్ము కాన్సర్ వలన ఏర్పడతాయి. కాన్సర్‌ను పూర్వం తెలుగులో రాచపుండు అనేవారు.

ఏ గడ్డ నిరపాయమైనదో, ఏది కాన్సరో కేవలం చేతితో తాకి నిశ్చయంగా చెప్పడం అనుభవజ్ఞులైన వైద్యులకు కూడా సాధ్యం కాదు. కనుక గడ్డ కనిపించగానే కాన్సర్ అని భయపడనవసరం లేదు. అలాగే పరీక్ష చేయించకుండా "ఇది మామూలు గడ్డే" అని ఊరుకోవడం కూడా తగదు.

2022వ సంవత్సరపు అంచనాల ప్రకారం ప్రపంచంలో సుమారు 23 లక్షల మందికి కొత్తగా రొమ్ము కాన్సర్ సోకింది. సుమారు 6,70,000 మంది దీనివలన మరణించారు. అదే సంవత్సరం భారతదేశంలో కొత్త రోగులు సుమారు 1,92,000, మరణాలు సుమారు 98,000. మన దేశంలో స్త్రీలకు వచ్చే కాన్సర్లలో మొదటి స్థానం దీనిదే.

రొమ్ము నిర్మాణం

ప్రతి స్తనంలోను 15 నుండి 20 వరకు పాలగ్రంథుల సముదాయాలు ఉంటాయి. ఇందులో తయారైన పాలు సన్నని నాళాల ద్వారా చనుమొనకు చేరతాయి. గ్రంథుల మధ్య కొవ్వు, పీచు వంటి కణజాలం నిండి ఉంటుంది. స్తన కణజాలం కొంత చంక వరకు వ్యాపించి ఉంటుంది. స్తనం నుండి బయలుదేరే శోషరసంలో ఎక్కువ భాగం చంకలోని శోషరస గ్రంథులకు చేరుతుంది. అందువలన రొమ్ములో కాన్సర్ ఉన్నప్పుడు చంకలో బిళ్ళలు కట్టడం తరచుగా జరుగుతుంది. స్తనం యొక్క పైభాగంలో చంక వైపు ఉండే పావుభాగంలో గ్రంథులు అధికం. కాన్సర్లు కూడా అక్కడే ఎక్కువగా పుడతాయి.

ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోనుల ప్రభావం వలన ప్రతి నెలా రొమ్ములో మార్పులు కలుగుతాయి. బహిష్టుకు ముందు రొమ్ములు బరువెక్కడం, నొప్పి, అక్కడక్కడ గరుకుగా తగలడం సహజం. బహిష్టు ముగిసిన తరువాత ఇవి తగ్గిపోతాయి.

నిరపాయమైన గడ్డలు

ఫైబ్రోఅడినోమా: 15 నుండి 35 సంవత్సరాల వయసులో ఎక్కువగా వస్తుంది. గుండ్రంగా, నునుపుగా, రబ్బరు బంతివలె ఉంటుంది. నొప్పి ఉండదు. వేలికి చిక్కకుండా జారిపోతుంది కనుక వైద్య విద్యార్థులకు దీనిని ఎలుకతో పోల్చి చెబుతారు. పరీక్షలో నిర్ధారణ అయి, చిన్నదిగా ఉన్నచో తీసివేయనవసరం లేదు. పెరుగుతున్నదైనా, పెద్దదైనా శస్త్రచికిత్స చేస్తారు. సాధారణ ఫైబ్రోఅడినోమా కాన్సర్‌గా మారడం చాలా అరుదు.

ఫైబ్రోసిస్టిక్ మార్పులు: 30 నుండి 50 సంవత్సరాల మధ్య స్త్రీలలో రెండు రొమ్ములలోను గడ్డలు గడ్డలుగా తగులుతాయి. నెలసరిని అనుసరించి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. ఇది వ్యాధి కంటె శరీర ధర్మంలో వచ్చిన మార్పు అనడమే సమంజసం.

నీటితిత్తులు: ముట్లుడిగే కాలానికి ముందు ఎక్కువగా వస్తాయి. సూదితో నీరు తీసినచో గడ్డ అణగిపోతుంది. తీసిన నీటిలో రక్తం ఉన్నా, నీరు తీసిన తరువాత కూడా గడ్డ మిగిలినా తదుపరి పరీక్షలు తప్పనిసరి.

పాలగడ్డలు, చీముగడ్డలు: పాలనాళం మూసుకుపోయి పాలు నిలిచినచో పాలగడ్డ ఏర్పడుతుంది. చనుమొన పగుళ్ళ ద్వారా సూక్ష్మజీవులు ప్రవేశించినచో జ్వరం, ఎరుపు, సలుపుతో చీముగడ్డ తయారవుతుంది. యాంటీబయాటిక్ మందులతోను, స్కానింగులో చూస్తూ సూదితో చీము తీయడం ద్వారాను నయం చేస్తారు. బిడ్డకు పాలివ్వడం సాధారణంగా మాననవసరం లేదు. అయితే గర్భిణులకు, బాలింతలకు కూడా రొమ్ము కాన్సర్ రావచ్చును. బాలింతలో గడ్డ రెండు వారాల చికిత్సకు కూడా తగ్గనిచో దానిని పాలగడ్డ అని సరిపెట్టుకొనరాదు.

కొవ్వుకు సంబంధించిన గడ్డలు: లైపోమా అనేది మెత్తని కొవ్వుగడ్డ. దెబ్బ తగిలిన చోట కొవ్వు కణజాలం నశించి గట్టిపడుట మరొక రకం. ఇది చేతికి, మామోగ్రామ్‌కు కూడా కాన్సర్‌ను పోలి ఉండవచ్చును. ముక్క పరీక్షతో తేలుతుంది.

నాళ పాపిలోమా: పాలనాళంలో పుట్టే చిన్న పిలక వంటిది. చనుమొన నుండి రక్తంతో కూడిన స్రావం వస్తుంది.

ఫిల్లాయిడ్స్ కణితి: చూడటానికి ఫైబ్రోఅడినోమా వలె ఉన్నా త్వరగా పెరుగుతుంది. వీటిలో నిరపాయమైనవి, మధ్యస్థమైనవి, ప్రాణాంతకమైనవి అని మూడు తరగతులు ఉన్నాయి. తిరిగి వచ్చే స్వభావం ఉన్నందున చుట్టూ కొంత మంచి కణజాలంతో సహా తీసివేస్తారు.

క్షయ, గ్రాన్యులోమా వ్యాధులు: రొమ్ముకు క్షయ సోకడం అరుదే అయినా భారతదేశంలో కనిపిస్తుంది. గడ్డగా మొదలై చీము కారే పుండుగా మారవచ్చును. ఇది క్షయ మందులతో నయమవుతుంది.

పురుషులలో హార్మోనుల తేడా వలన రొమ్ము పెరగడాన్ని గైనకోమాస్టియా అంటారు. ఇది నిరపాయమైనది. రొమ్ము కాన్సర్ రోగులలో పురుషులు సుమారు ఒక శాతం ఉంటారు.

అనుమానించవలసిన లక్షణాలు

ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకుండా వైద్యుని సంప్రదించవలెను.

1. గట్టిగా, అంచులు గరుకుగా, కదలకుండా ఉండే గడ్డ
2. ముట్లుడిగిన తరువాత కొత్తగా వచ్చిన ఏ గడ్డ అయినా
3. రొమ్ముపై చర్మం సొట్టపడుట, లేదా కమలాపండు తొక్కవలె మారుట
4. చనుమొన కొత్తగా లోపలికి పోవుట
5. ఒకే రొమ్ము నుండి, తనంతట తానుగా రక్తం లేదా నీటివంటి స్రావం వచ్చుట
6. చనుమొనపై మందులకు తగ్గని గజ్జి వంటి పుండు
7. చంకలో బిళ్ళలు
8. జ్వరం లేకుండా రొమ్ము ఎర్రబడి వాచుట

నొప్పి లేదు కనుక ప్రమాదం లేదని భావించుట సామాన్యంగా జరిగే పొరపాటు. నిజానికి తొలిదశలో రొమ్ము కాన్సర్ గడ్డకు సాధారణంగా నొప్పి ఉండదు. నొప్పి పుట్టించి స్త్రీని వెంటనే ఆసుపత్రికి రప్పించేది చాలా వరకు చీముగడ్డ వంటి నిరపాయమైన గడ్డే.

వ్యాధి నిర్ధారణ

రొమ్ము గడ్డను నిర్ధారించడానికి ప్రపంచమంతటా అనుసరించే పద్ధతిని త్రివిధ పరీక్ష అంటారు. ఇందులో చేతి పరీక్ష, చిత్ర పరీక్ష, కణ లేదా కణజాల పరీక్ష అని మూడు అంచెలు కలవు. మూడింటి ఫలితాలు ఒకే మాట చెప్పినప్పుడే నిర్ణయానికి వస్తారు. మూడూ నిరపాయమని తేల్చినచో కాన్సర్ ఉండే అవకాశం ఒక శాతం కంటె తక్కువ. ఏ ఒక్కటి భిన్నంగా ఉన్నా మళ్ళీ ముక్క తీసి పరీక్షించవలెను.

చేతి పరీక్ష: వైద్యులు రెండు రొమ్ములను, చంకలను, మెడ క్రింది భాగాలను పరీక్షిస్తారు. గడ్డ ఎప్పుడు కనిపించింది, పెరుగుతున్నదా, కుటుంబంలో ఎవరికైనా కాన్సర్ వచ్చిందా అని అడుగుతారు.

చిత్ర పరీక్ష: యువతులలో రొమ్ము దట్టంగా ఉంటుంది కనుక మొదట అల్ట్రాసౌండు స్కానింగు చేస్తారు. నీటితిత్తికి, గట్టి గడ్డకు గల తేడా ఇందులో స్పష్టంగా తెలుస్తుంది. 40 సంవత్సరాలు దాటిన వారికి మామోగ్రఫీ చేస్తారు. ఇది తక్కువ మోతాదు ఎక్స్‌రే. చేతికి తగలని చిన్న కణితులను, సున్నపు రేణువులను కూడా చూపుతుంది. రొమ్మును రెండు పలకల మధ్య కొద్ది క్షణాలు నొక్కుతారు. కొంత ఇబ్బందిగా ఉన్నా హాని లేదు. ఎం.ఆర్.ఐ. కొందరికి మాత్రమే అవసరమవుతుంది.

ఈ చిత్రాల నివేదికలో బైరాడ్స్ అనే అంకె ఉంటుంది. 1 అనగా ఏ దోషమూ లేదు. 2 అనగా నిరపాయమైనది. 3 అనగా కాన్సర్ అవకాశం 2 శాతానికి మించదు. సాధారణంగా 6 నెలలకు తిరిగి చూస్తారు. 4 అనగా అనుమానాస్పదం, 5 అనగా కాన్సర్ అవకాశం 95 శాతం లేదా అంతకు మించి; ఈ రెండింటికి ముక్క పరీక్ష చేయవలెను. 6 అనగా ముందే కాన్సర్ అని రుజువైనది. 0 అనగా పరీక్ష అసంపూర్ణం, మరికొన్ని చిత్రాలు అవసరం. ఈ అంకె కాన్సర్ దశను తెలుపదు. రెండింటినీ ఒకటిగా భావించి "నాలుగో దశ" అని కంగారుపడే వారున్నారు.

కణ పరీక్ష, ముక్క పరీక్ష: సన్నని సూదితో గడ్డలోని కణాలను తీసి సూక్ష్మదర్శినిలో చూచుటను ఎఫ్.ఎన్.ఏ.సి. అంటారు. ఇది చవకైనది, ఫలితం త్వరగా వస్తుంది. అయితే కాన్సర్ నాళంలోనే ఉన్నదా, బయటికి పాకినదా అనేది దీనితో తెలియదు. అందుకు కొంచెం లావు సూదితో, మత్తుమందు ఇచ్చి, సన్నని ముక్కలు తీస్తారు. దీనిని కోర్ బయాప్సీ అంటారు. హార్మోను గ్రాహకాల పరీక్షలు కూడా ఈ ముక్కపైనే చేస్తారు కనుక నేడు దీనికే ప్రాధాన్యం ఇస్తున్నారు.

"సూది గుచ్చితే కాన్సర్ ఒళ్ళంతా పాకుతుంది" అనే నమ్మకం జనంలో బలంగా ఉన్నది. ఇది నిజం కాదు. సూది పరీక్ష చేయించుకొన్న వారి ఆయుర్దాయం దానివలన తగ్గదు. ఈ భయంతో పరీక్ష మానివేయుట వలన జరిగే నష్టమే పెద్దది.

ఏ ఆసుపత్రిలో గడ్డను తీసివేసినా, అది ఎంత మామూలుగా కనిపించినా, దానిని ఫార్మలిన్ ద్రావణంలో ఉంచి పాథాలజీ పరీక్షకు పంపవలెను. పరీక్షకు పంపని గడ్డ ఏమిటో ఆ తరువాత తెలుసుకొనే మార్గం లేదు. ఆ నివేదికను రోగి తన వద్ద భద్రపరచుకొనవలెను.

రొమ్ము కాన్సర్ రకాలు

కాన్సర్ కణాలు పుట్టిన చోటనే ఉన్నాయా, పాకాయా అనేదానిని బట్టి మొదటి విభజన చేస్తారు. పాలనాళం లోపలే ఉండి గోడను దాటని దానిని నాళాంతర్గత కార్సినోమా అంటారు. దీనినే సున్నా దశ అంటారు. ఇది దాదాపు పూర్తిగా నయమవుతుంది. నాళపు గోడను దాటి బయటికి వచ్చిన దానిని చొరబాటు కార్సినోమా అంటారు.

చొరబాటు కార్సినోమాలలో సుమారు 70 నుండి 80 శాతం వరకు ప్రత్యేక లక్షణాలు లేని నాళ రకం. పాలగ్రంథుల రకం 10 నుండి 15 శాతం. ఇది స్పష్టమైన గడ్డగా కాక దళసరిగా మాత్రమే తగలవచ్చును, మామోగ్రామ్‌కు కూడా కొన్నిసార్లు చిక్కదు. మ్యూసినస్, ట్యూబ్యులర్ అనేవి నెమ్మదిగా పెరిగే అరుదైన రకాలు. మెటాప్లాస్టిక్ అనేది తీవ్రమైన అరుదైన రకం.

వాపు రకం కాన్సర్‌లో గడ్డ తెలియకుండానే రొమ్ము అంతా ఎర్రబడి వాస్తుంది. దీనిని చీముగడ్డగా పొరబడే అవకాశం ఉన్నది. పాజెట్ వ్యాధి చనుమొనపై గజ్జి వలె కనిపిస్తుంది. లోపల కాన్సర్ ఉంటుంది.

చికిత్సను నిర్ణయించడానికి మరొక విభజన చేస్తారు. కాన్సర్ కణాలపై ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ గ్రాహకాలు ఉన్నచో హార్మోను మందులు పనిచేస్తాయి. హెర్-2 అనే ప్రోటీను అధికంగా ఉన్నచో ట్రాస్టుజుమాబ్ వంటి మందులు పనిచేస్తాయి. ఈ మూడూ లేని దానిని ట్రిపుల్ నెగటివ్ అంటారు. ఇది త్వరగా పెరిగే స్వభావం కలది. పాశ్చాత్య దేశాల కంటె భారతదేశంలో దీని పాలు అధికం.

దశలు

కణితి పరిమాణం, చంకలోని గ్రంథులు, ఇతర అవయవాలకు వ్యాప్తి అనే మూడింటిని బట్టి దశను నిర్ణయిస్తారు. 2 సెంటీమీటర్లకు మించకుండా, చంకకు పాకనిది మొదటి దశ. ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకినది నాలుగవ దశ.

దశను బట్టి ఫలితం ఎంత మారుతుందో భారతీయ గణాంకాలు తెలుపుతున్నాయి. 2012 నుండి 2015 వరకు రోగ నిర్ధారణ అయిన స్త్రీల వివరాలను కాన్సర్ రిజిస్ట్రీలు పరిశీలించాయి. వ్యాధి రొమ్ముకే పరిమితమై ఉన్నప్పుడు వచ్చిన వారిలో 81 శాతం మంది ఐదు సంవత్సరాల తరువాత జీవించి ఉన్నారు. చంక వరకు పాకిన తరువాత వచ్చినవారిలో ఇది సుమారు 65 శాతం. దూర అవయవాలకు పాకిన తరువాత వచ్చినవారిలో సుమారు 18 శాతం మాత్రమే.

కారణాలు

వయసు పెరుగుట, దగ్గరి బంధువులలో రొమ్ము లేదా అండాశయ కాన్సర్, చిన్న వయసులో రజస్వల అగుట, ఆలస్యంగా ముట్లుడుగుట, పిల్లలు లేకపోవుట లేదా ఆలస్యంగా కలుగుట, ముట్లుడిగిన తరువాత స్థూలకాయం, మద్యపానం అనేవి ప్రమాదాన్ని పెంచుతాయి. పాలిచ్చుట కొంత రక్షణ కలిగిస్తుంది. 5 నుండి 10 శాతం కాన్సర్లు వంశపారంపర్యమైనవి, వీటిలో బి.ఆర్.సి.ఏ.-1, బి.ఆర్.సి.ఏ.-2 జన్యువులు ముఖ్యమైనవి. అయితే అధికభాగం రోగులకు కుటుంబ చరిత్ర ఉండదు. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి పాపఫలమూ కాదు.

చికిత్స

శస్త్రచికిత్స, రేడియేషన్, కీమోథెరపీ, హార్మోను మందులు, లక్ష్యిత మందులు అనేవి ముఖ్యమైన మార్గాలు. రొమ్మును పూర్తిగా తీసివేయుట అందరికీ అవసరం లేదు. గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినచో, తగిన రోగులలో, ఆయుర్దాయం సమానంగా ఉంటుందని 1980ల నాటి పరిశోధనలు రుజువు చేశాయి.

ఈ చికిత్సా చరిత్రలో తెలుగువారి పాత్ర కలదు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనల నుండి మెథోట్రెక్సేట్ మందు వెలువడింది. అది రొమ్ము కాన్సర్‌పై పనిచేస్తుందని 1951లో జేన్ రైట్ చూపారు. 1976లో ఇటలీ వైద్యుడు బొనడోన్నా ప్రకటించిన మూడు మందుల చికిత్సలో ఇది ఒకటి. ప్రఖ్యాత రేడియేషన్ వైద్యుడు, పద్మశ్రీ గ్రహీత నోరి దత్తాత్రేయుడు కర్నూలు వైద్య కళాశాల పూర్వ విద్యార్థి.

కర్నూలు, కడప ప్రాంతాలలో

వర్షాధారపు రాయలసీమలో ఆసుపత్రికి వెళ్ళుట పంట పనులతోను, వలసలతోను ముడిపడి ఉంటుంది. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుండి కుటుంబాలు పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్తాయి. కడప ప్రాంతం నుండి అనేకమంది స్త్రీలు ఇంటిపనికి కువైట్ వెళ్తారు. నొప్పి లేని గడ్డ కోసం కూలి మానుకొనుటకు, యజమానిని సెలవు అడుగుటకు మనసు రాదు. రొమ్ము విషయం ఇంట్లో పురుషులకు చెప్పుకొనుటకు సిగ్గు అడ్డు వస్తుంది. పసరు కట్టు, నాటుమందు, "సుగ్గి అయిపోనీ" అనే వాయిదా కలిసి నెలలు గడిచిపోతాయి. గడ్డ ఒక దశ నుండి మరొక దశకు చేరుటకు ఈ వ్యవధి చాలును.

ఈ ప్రాంతంలో వైద్య సదుపాయాలు ఇవి: కర్నూలు వైద్య కళాశాల 1957లో ప్రారంభమైనది. దానికి అనుబంధంగా ప్రభుత్వ సర్వజన వైద్యశాల పనిచేస్తున్నది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నిధులతో రాష్ట్ర కాన్సర్ సంస్థను కూడా కర్నూలులో నెలకొల్పారు. కడపలో రాజీవ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ 2006లో మొదలైనది; ప్రజలు దీనిని రిమ్స్ అంటారు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి కలదు. అక్కడే టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో శ్రీ వేంకటేశ్వర కాన్సర్ ఆసుపత్రి 2022 మే నెలలో ప్రారంభమైనది. కర్నూలు నుండి హైదరాబాదు వెళ్ళేవారికి 1955లో మొదలైన ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రి, 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి చిరపరిచితాలు.

పేదలకు కాన్సర్ చికిత్స ఖర్చును భరించే ఆరోగ్యశ్రీ పథకం 2007లో మొదలైనది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుండి దీనిని డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అని పిలుస్తున్నారు. 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన విధానం ప్రకారం 30 సంవత్సరాలు దాటిన స్త్రీలకు ఐదేళ్ళకు ఒకసారి రొమ్ము పరీక్ష చేయవలెను. శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్త చేతితో పరీక్షించి, అనుమానం ఉన్నచో పై ఆసుపత్రికి పంపుతారు.

ఈ చేతి పరీక్షను తక్కువగా చూడరాదు. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో ఆరంభించి, లక్షన్నర మందికి పైగా స్త్రీలపై 20 సంవత్సరాలు జరిపిన అధ్యయన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. శిక్షణ పొందిన సాధారణ కార్యకర్తలు రెండేళ్ళకు ఒకసారి చేసిన చేతి పరీక్ష వలన వ్యాధి ముందు దశలోనే పట్టుబడింది. 50 సంవత్సరాలు దాటిన స్త్రీలలో రొమ్ము కాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటె చిన్న వయసు వారిలో మరణాలు తగ్గినట్లు తేలలేదు. మామోగ్రఫీ యంత్రం అందుబాటులో లేని పల్లెలకు ఈ అధ్యయనం చాలా ముఖ్యమైనది.

ఇంటివద్ద గమనించవలసినవి

ప్రతి స్త్రీ తన రొమ్ములు మామూలుగా ఎలా ఉంటాయో తెలుసుకొని ఉండుట మంచిది. బహిష్టు ముగిసిన కొద్ది రోజులకు, స్నానం చేసేటప్పుడు, అరచేతితో కాక మూడు వేళ్ళ మెత్తని భాగంతో రొమ్మును, చంకను తడిమి చూడవచ్చును. అద్దం ముందు చేతులు పైకెత్తి చర్మంలో సొట్టలు ఉన్నవేమో చూడవచ్చును. మార్పు కనిపించినచో ఒక నెలసరి కంటె ఎక్కువ కాలం వేచి ఉండరాదు. ముట్లుడిగిన వారు అసలు వేచి ఉండరాదు.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు పాత స్కానింగులు, ముక్క పరీక్ష నివేదికలు, శస్త్రచికిత్స కాగితాలు వెంట తీసుకొని వెళ్ళవలెను. ఫలితం "నిరపాయం" అని వచ్చినా, తిరిగి ఎప్పుడు రమ్మన్నారో ఆ తేదీని కాగితంపై వ్రాయించుకొనవలెను. ఆ తేదీన వెళ్ళుట కూడా పరీక్షలో భాగమే.